మా డాబా మీద ఆఫ్రికా చోడి

మా అత్తగారు నా ఉద్యోగం గురించి బంధువులకు చెప్పేటప్పుడు "ఆఫ్రికా ప్రాజెక్టు" అనేవారు. ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే, "అక్కడి వాళ్ళ వ్యవసాయం బాగుచేస్తుందండీ మా కోడలు" అని మాట తేల్చేసేవారు. నేను బాగుచేస్తున్నది చోడి పంట అన్న సంగతి మాత్రం ఆవిడ నోటి వెంట వచ్చేది కాదు. బయట అందరూ రాగులు అంటారే, మా వైపు వాటినే చోళ్ళు అంటాం. ఏ పేరుతో పిలిచినా ఆవిడకు వాటి మీద ఒకే అభిప్రాయం ఉండేది.

వాళ్ళది గోదావరి జిల్లా. మామగారికి స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు గాజువాక వచ్చి ఇల్లు కట్టుకున్నారు. ఊరు మారినా బియ్యం మారలేదు. ఇప్పటికీ ఏటా వాళ్ళ పొలం నుంచే బస్తాలు దిగుతాయి. నాదేమో సబ్బవరం పక్కన పల్లె. పొద్దున్నే గ్లాసుడు చోడి అంబలి తాగి, ఉల్లిపాయ ముక్క నంజుకుని బడికి వెళ్ళినదాన్ని. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు వంటింట్లో అంబలి కాస్తుంటే ఆవిడ వచ్చి గిన్నెలోకి తొంగిచూసి, "ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అమ్మాయ్?" అని నిజంగానే కంగారుపడ్డారు. తరవాత ఆవిడకు షుగరొచ్చి, అన్నం తగ్గించి రాగులు తినమని డాక్టరు చెబితే, ఆవిడ డాక్టరును మార్చారు.

మా పరిశోధనా క్షేత్రం సబ్బవరం దాటాక ఉండేది. తూర్పు ఆఫ్రికా రైతుల కోసం మేలురకం చోడి విత్తనం తయారుచేయడం మా పని. ఇందులో ఒక చిన్న ఇబ్బంది ఉంది. చోడి పుట్టిందే అక్కడి కొండల్లో. వేల ఏళ్ళ కిందట ఏ పడవలోనో, ఎవరి మూటలోనో ఇటు వచ్చింది. అత్తింటివాళ్ళు కోడలికి పద్ధతులు నేర్పి, ఆ పద్ధతులన్నీ పుట్టింటివాళ్ళకు కూడా నేర్పి రమ్మని పంపినట్టు, మేం ఆ పంటను దిద్ది తిరిగి వాళ్ళకే పంపబోతున్నాం. ప్రాజెక్టు ప్రారంభోత్సవం నాడు మా పెద్దసారు మైకు పట్టుకుని, ఒక ఖండం ఆకలి తీర్చే బాధ్యత మన భుజాల మీద పడిందన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. తరవాత భోజనాలకు లేచి బిరియానీ తిన్నాం. చోడితో చేసిన పదార్థం ఒక్కటీ లేదు. అతిథులకు అలాంటివి పెడితే ఏం బాగుంటుందని క్యాంటీన్ వాళ్ళే మానేశారట.

పెద్దసారు మంచివారే. మా దగ్గరికి రాకముందు ఆయన చాలాకాలం వరి మీద పనిచేశారు. అందుకని మంచి మొక్క అంటే ఆయన కళ్ళముందు వరి మొక్కే ఆడేది. పొట్టిగా ఉండాలి, నిటారుగా నిలబడాలి, తొందరగా కోతకు రావాలి, గింజ బరువు ఎక్కువ ఉండాలి. మన రకాలనూ ఆఫ్రికా రకాలనూ కలిపి మేం పెంచిన మొక్కల్లో ఈ నాలుగు పరీక్షలూ గట్టెక్కినది ఒకటుంది. మోకాలికి కాస్త పైదాకా మాత్రమే పెరుగుతుంది. చూడముచ్చటగా ఉంటుంది. అన్ని పరీక్షలూ తప్పినది ఇంకొకటుంది. దాన్ని మేం "పొడుగుది" అని పిలిచేవాళ్ళం. మనిషి ఛాతీ దాకా పెరిగేది. అందరికంటే ఆలస్యంగా కోతకు వచ్చేది. కణుపుల దగ్గర ఊదారంగు, మూసిన పిడికిలిలా ముడుచుకున్న కంకి, నల్లటి గింజ. అగ్గి తెగులు వచ్చిన ఏడు పక్క మడులన్నీ మాడిపోతే ఇది మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడింది. ఆకు మాత్రం విపరీతం.

రకాలు ఎంపిక చేసే సమావేశంలో నేను గడ్డి సంగతి ఎత్తాను. పశువులున్న రైతుకు ఇంత గడ్డి వస్తే మంచిదే కదా అన్నాను.

"మేడమ్, మనం గడ్డి సైంటిస్టులం కాదు" అన్నారు పెద్దసారు.

గదిలో అందరూ నవ్వారు. పొడుగుది ఆ నవ్వుతోటే జాబితాలోంచి వెళ్ళిపోయింది. నియమం ప్రకారం కొద్దిగా విత్తనం పొట్లం కట్టి స్టోరులో పెట్టాం. మిగిలిన గింజ ఒక సంచిలో ఉండిపోయింది. స్టోరు చూసుకునే ఆయన అడిగాడు.

"మేడమ్, ఈ సోళ్ళు పారబోసీమంటారా, ఇంటికి అట్టుకెల్తారా?"

నాకు అంబలి గుర్తొచ్చింది. ఇంటికి తెచ్చుకున్నాను. గుమ్మంలోనే అత్తగారు, "ఏమిటమ్మా ఆ సంచి?" అన్నారు. పనికిరావని తీసేసిన గింజలండీ, ఊరికే పోతాయని తెచ్చాను అన్నాను. మాట అనేటప్పుడు కాస్త చూసుకోవలసింది. ఆవిడ ఆ ఒక్క మాటే పట్టుకున్నారు. పనికిరాని గింజలు వంటింట్లో ఎందుకని, నేను డ్యూటీకి వెళ్ళగానే సంచి డాబా మెట్ల కిందికి చేర్చారు.

ఆ ఏడు వానలు బాగా కురిశాయి. మా క్షేత్రంలో స్టోరు కప్పు కారింది. పెద్దసారి గదిలో బీరువా ఉంది కాబట్టి ఎంపికైన రకాలకు ఏమీ కాలేదు. కాని బయట అరల్లో పెట్టినవాటికి బీరువా భాగ్యం లేదు.

వానలు తెరిపిచ్చాక, చలి మొదలవుతుండగా, ఉగాండా నుంచి ఒక శాస్త్రవేత్త మా పని చూడడానికి వచ్చారు. యాభై ఏళ్ళ మనిషి. పొడుగరి, గట్టిగా నవ్వుతారు. వాళ్ళ దేశంలో ఆవిడ చేసేదీ చోడి పనే. ఆవిడ వస్తున్నారని క్షేత్రం గేటుకు రంగు వేశాం, దారి పొడవునా సున్నం గీతలు గీశాం, ఫ్లెక్సీ కట్టాం. ఫ్లెక్సీ మీద ఆఫ్రికా పటం ఉంది. పటం మధ్యలో మా పెద్దసారి ఫోటో పడింది, సరిగ్గా ఆవిడ దేశం ఉండాల్సిన చోట.

ఆవిడ అదేమీ పట్టించుకోలేదు. తిన్నగా మా పొట్టి రకం మడిలోకి దిగారు. ఒక కంకి కోయడానికి వంగారు. ఇంకో కంకికి వంగారు. మూడోసారి వంగి, నడుం మీద చెయ్యి వేసుకుని, ముసలివాళ్ళలా మూలుగుతూ లేచి నిలబడ్డారు. మేం కంగారుపడ్డాం. ఆవిడ నవ్వారు.

"మా దగ్గర కోత అంటే ఆడవాళ్ళు చిన్న కత్తి పట్టుకుని నిలబడి ఒక్కొక్క కంకే కోస్తారు" అన్నారు ఇంగ్లీషులో. "పొలమంతా ఇలా వంగితే సాయంత్రానికి నన్ను ఇంటికి మోసుకుపోవాలి. సరే, గింజ నాది. మరి ఆవు వాటా ఏది?"

పెద్దసారు నా వైపు చూశారు. నేను మడి వైపు చూశాను.

మధ్యాహ్నం తెర మీద బొమ్మలు వేసి మా పరిశోధన వివరించాం. ఎంత కఠినంగా వడపోశామో చెప్పడానికి, తీసేసిన రకాల ఫోటోలు కూడా పెట్టాం. పొడుగుది తెర మీదికి వచ్చింది. పక్కన నిలబడిన కూలీ ఛాతీ దాకా ఉంది.

"ఆగండి" అన్నారు ఆవిడ. "ఇది ఏమైంది?"

"తిరస్కరించాం" అన్నారు పెద్దసారు గర్వంగా.

"ఎందుకు?"

ఆయన కారణాలు ఒక్కొక్కటే చెప్పారు. ఎత్తు ఎక్కువ. ఆలస్యంగా వస్తుంది. గడ్డి ఎక్కువ. ఆయన చెబుతున్న కొద్దీ ఆవిడ తల ఊపుతున్నారు. చివర్లో, "మా రైతులు నన్ను అడిగేవి సరిగ్గా ఇవే" అన్నారు. "నాకు దీని విత్తనం కావాలి."

మా పెద్దసారికి ఒక సుగుణం ఉంది. అభిప్రాయం మార్చుకోవడానికి ఆయనకు ఎక్కువ సమయం పట్టదు. "తప్పకుండా! అందుకే కదా జాగ్రత్త చేశాం. మేడమ్ చూసుకుంటారు" అన్నారు.

మేడమ్ అంటే నేనే. స్టోరుకు పరిగెత్తాను.

"ఆ పొట్లాలా? తడిసిపోనాయి మేడమ్" అన్నాడు స్టోరు ఆయన. "పొట్లాల్లోనే మొలకలొచ్చీసి, బూజట్టీసినాయి. కంపు కొడతంటే నానే గోతిలో పడీసినాను. పెద్దసారుకి సెప్పినాను కూడా."

"ఏటన్నారు?"

"మంచియి బీరువాలో ఉన్నాయి కదా, అయి సాల్లే అన్నారు."

పెద్దసారికి వెళ్ళి చెప్పాను. ఆయన, "ఆవిడ ఇంకా వారం ఉంటారు కదా, ఏదో ఒకటి చూడండి" అన్నారు. ఏదో ఒకటి అంటే ఏమిటో నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మన కుటుంబాల్లోనూ ఆఫీసుల్లోనూ పెద్దలు ఇచ్చే ఆదేశాల్లో సగం ఈ మాటే.

సాయంత్రం ఇంటికొచ్చి అత్తగారిని సంచి గురించి అడిగాను. ఆవిడ టీవీ చూస్తున్నారు.

"ఆ నల్ల గింజలా? పావురాలకి వేశానమ్మా. నువ్వేగా పనికిరానివన్నావు."

"మొత్తం వేసేశారా అత్తయ్యగారూ?"

"మొత్తం ఎందుకు వేస్తాను? పావురాలు మాత్రం ఎన్నని తింటాయి? సగం మన చేపలావిడకి ఇచ్చాను. కోళ్ళున్నాయందిలే, పాపం."

నాకు ఆశ పుట్టింది. చేపలావిడ మా వీధికి చాలాకాలంగా వస్తుంది. సముద్రం ఒడ్డు పల్లె వాళ్ళది, మొగుడు బోటు మీదికి వెళ్తాడు. మర్నాడు పొద్దున్న ఆవిడ గంప దించకముందే గేటు దగ్గర పట్టుకున్నాను.

"మా అత్తగారు నీకు సోళ్ళు ఇచ్చారంట. కోళ్ళు తినీసినాయేటి?"

"కోళ్ళకేటమ్మా! అలాటి సోళ్ళు కోళ్ళకి ఏత్తామేటి?" అంది ఆవిడ. "మాం తాగీసినాం. నల్లగున్నా అంబలి సిక్కగ కాసింది. మావోడు బోటుకి ఎల్తంటే కేన్లో పోసి ఇచ్చీదాన్ని. ఎండలో దాహం ఎయ్యనేదంట. ఇంకున్నాయేటి?"

"నీ దగ్గర ఉన్నాయేమో అని నాను అడగడానికొచ్చినాను."

"నా దగ్గర సేపలున్నాయి. వంజరం తాజాది, తీసుకోమ్మా."

తీసుకున్నాను. మెట్లెక్కుతుంటే ఒక సంగతి తట్టింది. ఇన్నేళ్ళ మా ప్రాజెక్టు వల్ల ఎవరి కడుపైనా నిండిందంటే అది ఆ ఇంట్లోనే. ఏ నివేదికలోనూ రాసుకోవడానికి వీల్లేని ఫలితం.

ఉగాండా ఆవిడకు విత్తనం లేదన్న మాట ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు తప్పించుకు తిరిగాను. ఈలోగా మా అత్తగారు ఒక నిర్ణయానికి వచ్చారు. "అంత దూరం నుంచి వచ్చిన మనిషికి హోటల్ కూడు పెట్టి పంపిస్తారా? ఆదివారం మనింటికి తీసుకురా" అన్నారు. మా ఆయనకు ఆ ఆదివారం షిఫ్టు. కాబట్టి మర్యాదల భారమంతా ఆవిడే నెత్తినేసుకున్నారు. ముద్దపప్పు, పనసపొట్టు కూర, గుత్తివంకాయ, పులిహోర, బూరెలు. తెల్లారకముందే లేచి వంటింట్లోకి నన్ను రానివ్వలేదు.

అతిథి వచ్చి, చెప్పులు గుమ్మం బయటే విడిచి, రెండు చేతులూ అత్తగారి చేతుల్లో పెట్టి, "మామా" అన్నారు. వాళ్ళ వైపు పెద్దావిడలను అలా పిలుస్తారట.

అత్తగారు నా చెవిలో, "మామ అంటుందేమిటి? నేను అత్తని కదా, చెప్పు" అన్నారు.

చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వి, ఆ తరవాత ఉన్నన్నాళ్ళూ "అత్తా" అనే పిలిచారు. దాంతో మా అత్తగారు మెత్తబడిపోయారు. నేను ఇన్నేళ్ళుగా "అత్తయ్యగారూ" అంటున్నా అంత మెత్తబడలేదు.

భోజనం దగ్గర అతిథి చేత్తో చక్కగా కలుపుకుని తిన్నారు. తింటూ తింటూ, మీ ఇంట్లో చోడితో ఏం చేస్తారని అడిగారు. నేను ఆవిడకు ఇంకాస్త పులిహోర వడ్డించాను. ఆవిడే, తమ అమ్మగారి వైపు పెళ్ళిలో చోడి ముద్ద పెట్టకపోతే మగపెళ్ళివాళ్ళు అలిగి లేచిపోతారని చెప్పారు. అత్తగారికి తెలుగులో చెప్పాను.

"పెళ్ళిలోనా? రాగిసంకటా?" అన్నారు అత్తగారు. అతిథి వైపు జాలిగా చూసి, ఇంకో గరిటెడు అన్నం వడ్డించారు.

మా ఇంటికి ఎవరొచ్చినా అత్తగారు భోజనమయ్యాక డాబా మీదికి తీసుకెళ్తారు. అక్కణ్ణుంచి స్టీల్ ప్లాంట్ పొగగొట్టాలు కనిపిస్తాయి. మామగారు పనిచేసిన ఫర్నేస్ ఎటువైపో చూపించి, ఆయన ఉద్యోగం సంగతులు చెబుతారు. ఆయన పోయాక ఆ అలవాటు ఇంకా ఎక్కువైంది. అతిథిని కూడా తీసుకెళ్ళి, "అదిగో, ఆ పొడుగాటి గొట్టం పక్కన" అని చెయ్యి చాపారు. నేను ఇంగ్లీషులో చెబుతున్నాను. అతిథి మర్యాదగా అటే చూస్తూ తల ఊపుతున్నారు. ఉన్నట్టుండి ఆవిడ తల ఊపడం ఆగింది. ఆవిడ చూపు పొగగొట్టం మీద లేదు. నీళ్ళ ట్యాంకు వెనకాల ఉంది.

అక్కడ అత్తగారి తోట ఉంది. పాత రంగు డబ్బాలు, పగిలిన సింకు, సిమెంటు తొట్లు. వాటిలో చామంతి, వంకాయ, గోంగూర. ట్యాంకు పక్కన ఉన్న రెండు తొట్లలో మాత్రం ఏదో గడ్డి గుబురుగా లేచి, ఛాతీ ఎత్తు పెరిగి, ఒరిగిపోకుండా పాత చీర అంచుతో డిష్ యాంటెన్నా కమ్మీకి కట్టి ఉంది.

"ఏమిటది?" అన్నారు అతిథి.

"అదా? గడ్డి అని చెప్పమ్మాయ్" అన్నారు అత్తగారు కాస్త సిగ్గుపడుతూ. "పావురాలు తెచ్చిపడేసిన గడ్డి. పీకేద్దామనుకున్నాను. శుక్రవారం శుక్రవారం కిందికి ఆవు వస్తుంది కదా, దానికి నాలుగు ఆకులు కోసి వేస్తే ఇష్టంగా తింది. ప్లాంట్ నుసి పడుతుందని బకెట్లో ముంచి కడిగి మరీ వేస్తున్నాను. ఇదిగో, కోసిన కొద్దీ వస్తోంది."

నేను దగ్గరికి వెళ్ళాను. కణుపుల దగ్గర ఊదారంగు. మూసిన పిడికిలి. వేలితో నలిపితే నల్లటి గింజ.

"అత్తయ్యగారూ, ఇది చోడి" అన్నాను.

"ఛ! చోడేమిటి, గడ్డి!"

"చోడేనండీ. ఆ సంచిలోది."

అతిథి అప్పటికే నేల మీద చతికిలపడి, కంకిని అరచేతిలో పెట్టుకుని చూస్తున్నారు. తెర మీద చూసిన పొడుగుది ఇదేనని ఎవరూ చెప్పకుండానే ఆవిడకు అర్థమైపోయింది. ఆవిడ ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వుకు ట్యాంకు మీది పావురాలు లేచిపోయాయి. నాకు మాత్రం నవ్వు రాలేదు. సింకు అంచు మీద కూర్చుండిపోయాను. నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్పాలంటే. సమావేశంలో నవ్వులపాలైన మొక్క మా ఇంటి మీద, నాకు తెలియకుండా, చీర అంచు కట్టుకుని నిలబడి ఉంది. డాబా మీదికి నేనెప్పుడూ రాను. బట్టలు ఆరేసేది పనావిడ, మొక్కలకు నీళ్ళు పోసేది అత్తగారు. నేను మొక్కల శాస్త్రవేత్తను కాబట్టి నాకు మొక్కలు చూసే తీరిక ఉండదు.

తరవాత అరగంట సేపు అతిథి అత్తగారిని ప్రశ్నలు అడిగారు, మధ్యలో నేను. ఎప్పుడు మొలిచింది, ఎన్నిసార్లు కోశారు, కోశాక మళ్ళీ ఎంత తొందరగా వచ్చింది, ఆవు కాడ కూడా తిన్నదా, ఆకు మాత్రమే తిన్నదా. మొదట్లో అత్తగారి జవాబులు "ఏమో", "ఎవరు చూశారు" అన్నట్టుండేవి. నాలుగో ప్రశ్నకు గొంతు మారింది. ఆరో ప్రశ్నకు, వానలు పడేముందు తొట్లలో మట్టి తనే గుల్ల చేశానన్నారు. సాయంత్రం అతిథిని ఆటో ఎక్కించే సమయానికి ఆ చోడిని అత్తగారు కావాలనే, నా మీద నమ్మకం లేకే, ముందుచూపుతో నాటారు.

అతిథికి ఆ కంకులు అక్కడే కోసి ఇచ్చేద్దామనుకున్నాను. ఆవిడే వద్దన్నారు. "పరీక్షలు, పత్రాలు లేకుండా గింజ పట్టుకెళ్తే మా విమానాశ్రయంలో గింజతో పాటు నన్నూ పాతిపెడతారు. పండనివ్వండి. పద్ధతిగా పంపించండి."

పండడానికి ఇంకా కొద్ది రోజులు పట్టేలా ఉంది. పావురాలకు ఆ సంగతి తెలుసు. అప్పటిదాకా వాటికి పిలిచి మరీ గింజలు వేసిన అత్తగారే పాత దోమతెర తెచ్చి తొట్ల చుట్టూ కట్టారు. మధ్యాహ్నం సీరియల్ మానేసి, కుర్చీ వేసుకుని, కర్ర పుచ్చుకుని డాబా మీద కాపలా కూర్చునేవారు. చేపలావిడ కింది నుంచి కేకేసేది.

"ఏటి అమ్మగోరూ, ఎండలో కూకున్నారు?"

"ప్రాజెక్టు!" అనేవారు అత్తగారు.

పెద్దసారు స్వయంగా వచ్చి చూశారు. బూట్లు విప్పి డాబా ఎక్కి, దోమతెర పక్కకు తీసి, చాలాసేపు పరిశీలించి, "నేను మొదట్నుంచీ అనుకుంటున్నాను, దీంట్లో ఏదో ఉందని" అన్నారు. అత్తగారు కాఫీ ఇచ్చారు. ఆయన రాసిన నివేదికలో మా డాబా, "క్షేత్రానికి వెలుపల ఏర్పాటు చేసిన అదనపు సంరక్షణ కేంద్రం" అయింది. పావురాల ప్రస్తావన లేదు. స్టోరు కప్పు ప్రస్తావన అసలే లేదు. నాకు అభ్యంతరం చెప్పే ఓపిక లేకపోయింది. ఆ వాక్యం వల్లే మిగతా అనుమతులన్నీ సులువుగా వచ్చాయి.

కోసిన గింజ నా రెండు దోసిళ్ళకు కూడా రాలేదు. చోడి తన పుప్పొడితోనే తాను గింజ కడుతుంది కాబట్టి పక్క మొక్కలతో కలిసి చెడే భయం పెద్దగా ఉండదు. అయినా మరుసటి ఏడు వానాకాలంలో క్షేత్రంలో విత్తి, ప్రతి మొక్కా చూసి, అదేనని తేల్చుకున్నాకే పంపాం. ఆ మడి పచ్చగా లేచి నా ఛాతీ దాకా వచ్చినప్పుడు పెద్దసారు సందర్శకులను నేరుగా అక్కడికే తీసుకొచ్చేవారు. పొట్టి రకం మడి దారిలోనే ఉన్నా ఆగేవారు కాదు. నాకు దాన్ని చూస్తే కొంచెం బాధ కలిగేది. పాపం, అడిగినవన్నీ చేసింది.

పంటల సంగతి సినిమాలా ఒక్క ఆటలో తేలదు. కొన్నేళ్ళు పట్టింది. ఉగాండా ఆవిడ ఏటా ఫోన్ చేసి చెప్పేవారు. వాన బాగా పడిన చోట మా పొట్టిదే ఎక్కువ గింజ ఇచ్చింది. అంకెల్లో చూస్తే పొడుగుది దానికి చాలదు. కాని వాళ్ళు ఒక ఏడు రైతులను పొలానికి పిలిచి, చేతికి రిబ్బన్లు ఇచ్చి, నచ్చిన మడి దగ్గర కట్టమన్నారు. ఆడవాళ్ళు కట్టిన రిబ్బన్లతో పొడుగుదాని చుట్టూ ఉన్న కర్రలు పెళ్ళిపందిరిలా అయ్యాయట. పొట్టిదాని దగ్గర కట్టినవి ఎవరివని అడిగాను.

"అధికారులవి" అన్నారు ఆవిడ.

అక్కడ చాలా ఊళ్ళలో ఇప్పుడు దాన్ని పండిస్తున్నారు. గొప్ప విప్లవమేమీ రాలేదు. గింజ ఇంటికి, గడ్డి పశువులకు. ఎండల్లో ఆవును తోలుకుని మేత వెతుక్కుంటూ దూరం పోవడం కొంత తగ్గిందట. అంతే. అక్కడి వాళ్ళు దాన్ని "ఇండియా" అంటారట. మా స్టోరులో దాని డబ్బా మీద "ఆఫ్రికా" అని రాసి ఉంది.

ఇక్కడ మాత్రం అది ఎవరి పొలానికీ చేరలేదు. చేరడానికి పొలాలు ఉండాలి. మా క్షేత్రం చుట్టూ లేఅవుట్లు పడ్డాయి. చోడి చల్లిన చోట ఇప్పుడు హద్దురాళ్ళు, ఆర్చీలు, పామ్ మొక్కలు. మావాళ్ళు అచ్యుతాపురం కంపెనీ బస్సులెక్కి పనికి పోతున్నారు. మా పల్లెలో ఆవు ఉన్న ఇల్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పెద్దసారు రిటైరయ్యాక క్షేత్రం ప్రహరీని ఆనుకున్న లేఅవుట్లోనే ఇల్లు కట్టుకున్నారు. ఆ మధ్య ఫోన్ చేసి, డాక్టరు చెప్పాడని, కల్తీ లేని రాగులు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. సూపర్ బజారులో ప్యాకెట్లు దొరుకుతాయని చెప్పాను.

కిందటి వేసవిలో ఉగాండా ఆవిడ వీడియో కాల్ చేశారు. వాళ్ళ అమ్మగారి ఊళ్ళో ఉన్నారు. వెనకాల ఇటుకల ఇల్లు, అరటి చెట్లు, ఒక ఆవు. ఆవు ముందు గడ్డి మోపు. అది ఏ గడ్డో నేను అడగక్కర్లేదు. అత్తగారు నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నారు.

"ఆవు చూడితో ఉందా ఏమిటి? డొక్కలు చూడు, ఎలా ఉన్నాయో. ఉత్త గడ్డి మేపితే చాలదని చెప్పు. తెలగపిండి పెట్టమను."

తెలగపిండికి ఇంగ్లీషు మాట నాకు వెంటనే తట్టలేదు. నువ్వులు, నూనె, గానుగ అంటూ తంటాలు పడి చెప్పాను. ఆవిడ దాన్ని వాళ్ళ భాషలో వాళ్ళ అమ్మకు చెప్పారు. తెర మీదికి తెల్లజుట్టు పెద్దావిడ వచ్చి, ఏదో గట్టిగా ఎదురుప్రశ్న వేసింది. నానబెట్టి పెట్టాలా, పొడిగానా అని. నానబెట్టే అని అత్తగారు. ఎంతసేపు అని అటునుంచి. అలా చాలాసేపు నడిచింది. నాకూ ఉగాండా ఆవిడకూ ఇద్దరికీ డాక్టరేట్లున్నాయి. మా ఇద్దరి జీవితమూ ఈ పంటకే ధారపోశాం. ఆ పూట మమ్మల్ని ఎవరూ మా అభిప్రాయం అడగలేదు. మాటలు అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ మోసాం.

వానలు మొదలయ్యాక ఆవు ఈనింది. పెయ్యదూడ. ఆ ఫోటో నాకు రాలేదు. నేరుగా మా అత్తగారి ఫోన్‌కే వచ్చింది.